ఆదివారం రండి

ఆయన రెజ్యూమేని చివరి పేజీ నుంచి చదివేవారు. కాయితాలు చేతికి రాగానే బోర్లా తిప్పి, ఆఖరి లైను మీద వేలు పెట్టి, అక్కణ్ణుంచి మెల్లగా పైకి వచ్చేవారు. మనిషి పేరు అన్నిటికన్నా చివర చూసేవారు. ఇదేం చదవడమండీ అని ఎవరైనా నవ్వితే, మొదటి పేజీ అందరూ బాగానే రాస్తారు, ఓపిక అయిపోయాక ఏం రాశారో అది చూడాలి అనేవారు. చాలా ఏళ్లు నేను దాన్ని ఒక పెద్దమనిషి చాదస్తంగానే లెక్కేసుకున్నాను.

ఆయన పోయి పదకొండు రోజులైంది. మెసేజ్ వచ్చినప్పుడు నేను ట్రైన్‌లో ఉన్నాను. దిగాల్సిన స్టేషన్ దాటిపోయాక గాని చూసుకోలేదు. మర్నాడు డైరెక్టరీ ఫోన్ చేశాడు. డైరెక్టరీ అంటే మనిషే. ఆ కాలేజీలో ఎవరిది ఏ బ్యాచ్, ఎవరి రోల్ నంబరు ఎంత, ఎవరు ఏ గదిలో ఉండేవారు, అన్నీ నోటికి చెప్పగలడు కాబట్టి సింగపూర్ స్నేహితులంతా కలిసి ఆ పేరు ఖాయం చేశారు. సెక్రటరీ గారి మీద ఒక సంచిక వేస్తున్నాం, ఇక్కడ ఆయన నిలబెట్టిన మొదటి మన కాలేజీ ఆడపిల్లవి నువ్వే, రెండు పేజీలు రాయాల్సిందే అన్నాడు. సరేనన్నాను. ఆయన గురించి రాయమంటే నాకు రెండు పేజీలు ఏ మూలకి? కాని ‘మన కాలేజీ ఆడపిల్ల’ అన్న మాట దగ్గరికి వచ్చేసరికి కలం కదలడం లేదు.

సెక్రటరీ అంటే ఏ కంపెనీకో సంఘానికో కాదు. చదువుకునే రోజుల్లో ఒక్క ఏడాది హాస్టల్ మెస్‌కి సెక్రటరీగా చేశారట. ఆ తరవాత ఒక ఓడల కంపెనీ కంప్యూటర్ల వ్యవహారమంతా ఆయన చేతికింద నడిచింది. హోదాలు వచ్చాయి, వెళ్లాయి. ఒక్కటీ ఆయనకి అతుక్కోలేదు. యాభై దాటాక కూడా ఆయన మెస్ సెక్రటరీయే. ఆయనకీ అదే ఇష్టం. కొత్తగా వచ్చిన పిల్లలు అంకుల్ అని పిలిస్తే, వెనకాల ఇంకెవరో నిలబడ్డారేమో అన్నట్టు తిరిగి చూసేవారు.

ఆదివారం పొద్దున్న జురాంగ్ ఈస్ట్‌లో, తిండి దుకాణాలన్నీ ఒకే కప్పు కింద ఉండే ఒక హాకర్ సెంటర్‌లో ‘మెస్ మీటింగ్’. ఆయన అందరికన్నా ముందు వచ్చి, పక్కపక్కనున్న రెండు బల్లల మీద కుర్చీకొకటి చొప్పున టిష్యూ ప్యాకెట్లు పెట్టేవారు. ఈ ఊళ్లో టిష్యూ ప్యాకెట్ పెడితే ఆ చోటు మనదే. చోప్ చేయడం అంటారు. దాన్ని పక్కకి తోసి కూర్చునే మొనగాడు ఇంతవరకు పుట్టలేదు. విచిత్రమేమిటంటే, వచ్చేవాళ్లు ఎనిమిదిమందని తెలిస్తే ఆయన తొమ్మిది ప్యాకెట్లు పెట్టేవారు. స్కూల్లో చదువుతున్న వాళ్లమ్మాయి అప్పుడప్పుడు వెంట వచ్చేది. “డాడీ, వన్ ఎక్స్‌ట్రా లా. నోబడీ ఈజ్ కమింగ్,” అని ఈ ఊరి ఇంగ్లీషులో అంటూ ఆ ప్యాకెట్ తీయబోయేది. ఉండనీ అమ్మా అని మళ్లీ అక్కడే పెట్టేవారు. జనం ట్రేలు పట్టుకుని చోటు కోసం చూస్తుంటే ఒక కుర్చీ ఖాళీగా అట్టే పెట్టడం నాకైతే ఇబ్బందిగా ఉండేది.

కూర్చోగానే ఎవరినైనా ఆయన అడిగే మొదటి మాట “తిన్నావా?” అని. తిన్నానండీ అంటే నమ్మేవారు కాదు. పరోటా దుకాణం తమిళాయనకి కంటితో సైగ చేస్తే చాలు, కంచం వచ్చి ముందు పడేది. ఆ తమిళాయన కూడా ఆయన్ని సెక్రటరీ అనే పిలిచేవాడు. ఉద్యోగం మాట ఎత్తబోతే, ముందు కూచో, తిను, రెజ్యూమే ఎక్కడికీ పారిపోదు అనేవారు. ఉద్యోగం పోయిన మనిషి కడుపు నిండా తింటున్నాడో లేదో ఆయనకి ముఖం చూస్తే తెలిసిపోయేది. అది విద్యో, అనుభవమో నాకు తెలియదు. నేను మాత్రం అలాంటి మనిషిని అంతకుముందు చూడలేదు, ఆ తరవాతా చూడలేదు.

అప్పట్లో ఐటీ ఎంత ఊపు మీద ఉండేదంటే, కీబోర్డు ఏ వైపునుంచి కొట్టాలో తెలిసినవాళ్లందరూ విమానం ఎక్కారు. ఎక్కడం తేలికే, దిగాక నిలబడటం దగ్గరే వేరే లెక్క నడిచేది. ఏ బ్యాంకులోనో ఖాళీ ఉందంటే ఆ సంగతి పేపర్లో పడేలోపే ఈ బల్ల మీద పడేది. బ్యాంకులో ఒక సీనియర్, టెలిఫోన్ కంపెనీలో ఇద్దరు, విమానాశ్రయంలో ఒకరు, అందరూ ఆ హాస్టల్ వాళ్లే. ఫోన్ తీసి “మనవాడే” అంటే చాలు, ఇంటర్వ్యూ సగం అయిపోయినట్టే. తెలివితేటలు సమానంగా ఉన్న ఇద్దరిలో ఆ మెస్‌లో తిన్నవాడు ఐదేళ్లలో మేనేజరయ్యేవాడు, తిననివాడు కాంట్రాక్టు ఎప్పుడు అయిపోతుందా అని క్యాలెండర్ చూసుకునేవాడు. నాలుగేళ్లపాటు నీళ్ల సాంబారు కలిసి తిన్నందుకు జీవితాంతం దక్కే ఫలితం అది. సాంబారుకి అంత శక్తి ఉంటుందని నాకు ముందు తెలిసి ఉంటే ఎంట్రన్స్ పరీక్షకి ఇంకొంచెం కష్టపడి చదివేదాన్ని.

ఎందుకంటే మా ఊళ్లో కాలేజీలు రెండు. పాతది సర్కారుది, ఆ మెస్ ఉన్నది అక్కడే, గొప్పది, ఊరిపేరు చెబితే అందరికీ గుర్తొచ్చేది అదే. రెండోది బైపాస్ రోడ్డు మీద ఒక రైస్‌మిల్లు పక్కన కొత్తగా పెట్టింది. దాని అసలు పేరు రెండు లైన్లు ఉంటుంది గాని, జనానికి అది బైపాస్ కాలేజీ. నేను చదివింది అక్కడ. ఊరిపేరు ఇక్కడ రాయడం లేదు, అర్థం చేసుకోగలరు. మా కాలేజీ నుంచి సింగపూర్ వచ్చినవాళ్లలో మొదటిదాన్ని నేను, నా వెంట పద్మజ. ఇద్దరం ఒకే బెంచీ, ఒకే కంపెనీ, వుడ్‌ల్యాండ్స్‌లో ఒకే గది. మా ప్రిన్సిపాల్ గారు ఆఫీసు గదిలో మా ఇద్దరి ఫోటో తగిలించి, చేరడానికి వచ్చిన ప్రతి తల్లిదండ్రులకీ చూపించేవారట.

డాట్‌కామ్‌లు వరసగా మూతపడిన ఏడాది మా కంపెనీ కూడా మూతపడింది. పొద్దున వెళ్తే తలుపు దగ్గరే చెప్పేశారు. నెల రోజుల్లో ఇంకో ఉద్యోగం దొరకాలి, లేకపోతే దేశం వదలాలి. ఆ ఫోటో దించేస్తారేమోనన్నదే నాకు అన్నిటికన్నా పెద్ద భయం. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది గాని, అప్పుడు నవ్వు రాలేదు. పద్మజ ఎవరి దగ్గరో డైరెక్టరీ నంబరు సంపాదించి ఫోన్ చేసింది. ఏ కాలేజీ అని అడిగాడు. అది సూటిగా రెండు లైన్ల పేరూ చెప్పింది. అయ్యో, అది మనది కాదు కదమ్మా అని చాలా మర్యాదగా పెట్టేశాడు. దాని ముఖం చూసి నేను పాఠం నేర్చుకున్నాను. ఏ పాఠమో చెప్పడానికి సిగ్గుగా ఉంది.

రెండు రోజుల తరవాత సెక్రటరీ గారి నంబరు నా చేతికొచ్చింది. ఆయన ఏ కాలేజీ అని అడగలేదు, “ఎక్కడ చదివావమ్మా?” అన్నారు. ఎక్కడ అంటే మనవాళ్లు ఊరిపేరే చెబుతారు. నేనూ ఊరిపేరు చెప్పాను. అబద్ధం ఒక్కముక్క లేదు, చూసుకోండి. ఓహో అన్నారు. ఎక్కడుంటున్నావు, ఎవరితో అని అడిగితే, వుడ్‌ల్యాండ్స్‌లో, నేనూ నా స్నేహితురాలూ, కలిసే చదువుకున్నాం, ఇద్దరి ఉద్యోగాలూ ఒకేరోజు పోయాయి అని చెప్పాను. అప్పుడు అన్నారు.

“ఆదివారం పొద్దున్నే జురాంగ్ ఈస్ట్ రండి. తినకుండా రండి.”

అంత పెద్దాయన నన్ను ‘రండి’ అన్నారని పొంగిపోయాను. పద్మజతో చెప్పాను, సెక్రటరీ గారు నన్ను రమ్మన్నారని. దాని ముఖం ఒక్కసారి వాడి, మళ్లీ తేరుకుంది. నా బూటు అడుగు ఊడిపోయి ఉంటే, తన నల్లబూట్లు తుడిచి నా ముందు పెట్టింది. నీకు ఒక సైజు పెద్దవి, కాస్త దూది పెట్టుకో అంది.

ఆ ఆదివారం ఆయన నా వెనక్కి చూశారు. నా వెనకాల ఎవరూ లేరు. కూచోమన్నారు, తిన్నావా అన్నారు, నా రెజ్యూమే బోర్లా తిప్పి ఆఖరి లైను మీద వేలు పెట్టారు. వేలు అక్కడ కొంచెంసేపు ఆగింది. ఊఁ అన్నారు. అంతలో డైరెక్టరీ ఉత్సాహంగా ముందుకి వంగి, “ఏ బ్యాచ్ అమ్మా మీది? అప్పుడు లేడీస్ హాస్టల్ వార్డెన్ ఎవరు?” అని అడిగాడు. నేను కంచంలోకి చూస్తూ ఇంకో పరోటా ముక్క తుంచాను. సెక్రటరీ గారు తల ఎత్తకుండానే, “తిననీవయ్యా పిల్లని. నువ్వు తిన్నావా అసలు?” అని ఇంకో కంచం తెప్పించి అతని ముందు పెట్టించారు. బల్ల చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. అతను కంచంలో పడి ఆ మాటే మరిచిపోయాడు.

తరవాత కాయితాలు పక్కన పెట్టి, నువ్వు చేసే పనేమిటో నాకు చెప్పమ్మా అన్నారు. టెస్టింగ్ అని చెప్పి, ఒక ప్రోగ్రాంలో తప్పు ఎలా పట్టుకున్నానో కాఫీ కప్పులూ చెంచాలూ అటూ ఇటూ జరిపి చూపించాను. ఆయన ఒక చెంచా తీసి దాచేసి, ఇప్పుడో అన్నారు. ఇప్పుడు ఎక్కడ ఆగుతుందో చెప్పాను. అలా అరగంట. జీవితంలో నేను ఇచ్చిన అసలు ఇంటర్వ్యూ అదొక్కటే. అప్పటికప్పుడు బ్యాంకులో ఉన్న సీనియర్‌కి ఫోన్ చేసి, ఒకమ్మాయి ఉంది, తప్పు ఎక్కడుందో వాసన పట్టేస్తుంది, చూడు అన్నారు. ‘మనవాడే’ అన్నట్టు ‘మన అమ్మాయే’ అనలేదు. ఆ మాట అనలేదని నేను గమనించనే లేదు.

గడువు ఇంకా ఆరు రోజులుందనగా నాకు ఉద్యోగం వచ్చింది. పద్మజకి రాలేదు. దాన్ని ఛాంగీలో విమానం ఎక్కించడానికి వెళ్లినప్పుడు నా కాళ్లకి దాని బూట్లే ఉన్నాయి. విప్పి ఇవ్వబోతే ఉంచుకో అంది. ఫోటోలో ఒక్కదానివైనా మిగిలావు కదే అంది.

ఆ తరవాత ఏడేళ్లు నేను ఆ బల్ల దగ్గర కూర్చున్నాను. నన్ను ఎవరైనా మా హాస్టల్ గురించో, లెక్చరర్ల గురించో, కాలేజీ డే గురించో కదిపిన ప్రతిసారీ ఎక్కణ్ణుంచో ఆ “తిన్నావా?” వచ్చి మధ్యలో పడేది. అడిగినవాడి ముందు కంచం పడేది, మాట దారి మళ్లేది. ఈయనకి తిండి యావ కాస్త ఎక్కువే అనుకునేదాన్ని. అంత తెలివైనదాన్ని, తప్పు వాసన పట్టేదాన్ని, ఏడేళ్లపాటు ఆ కంచాల వెనక ఏముందో కనిపెట్టలేకపోయాను.

ఐటీ మళ్లీ పుంజుకుంది. నేను నలుగురిని ఉద్యోగంలోకి తీసుకునే స్థాయికి వచ్చాను. ఒకరోజు నా ముందుకి ఒక రెజ్యూమే వచ్చింది, ఆఖర్న రెండు లైన్ల పేరుతో బైపాస్ కాలేజీ. నా చేయి తనంతట తనే దాన్ని పక్కన పెట్టింది. ఆ పిల్ల ఎక్కడ నా గుట్టు బయటపెడుతుందోనన్న భయం. మళ్లీ తీసి పిలిపించాను, ఉద్యోగమూ ఇచ్చాను గాని, నా చేయి చేసిన పని నన్ను వదల్లేదు. ఆ వారమే ఆయన పుంగ్గోల్‌లో కొత్త ఫ్లాట్‌లోకి మారితే భోజనానికి వెళ్లాను. సాయంత్రం నన్ను సాగనంపడానికి ఎల్ఆర్‌టీ స్టేషన్ దాకా నడిచి వచ్చారు. ప్లాట్‌ఫాం మీద నిలబడి చెప్పేశాను, నేను మీ కాలేజీలో చదవలేదండీ అని.

“తెలుసు,” అన్నారు.

“ఎప్పట్నుంచి?”

“చివరి పేజీ నుంచి.”

డ్రైవరు లేని ఆ చిన్న రైలు వచ్చింది, తలుపులు తెరిచింది, మూసుకుని వెళ్లిపోయింది. నేను ఎక్కలేదు. తెలిసీ నన్నెందుకు నిలబెట్టారని అడిగాను. పంపింది నీ పనిని, మీ కాలేజీని కాదు కదమ్మా అన్నారు. మెస్ నడిపిన ఏడాది హాస్టల్‌లో లేని పిల్లలు కూడా ఆకలేసి వచ్చేవారట. రోజూ ఒక కంచం ఎక్కువ పెట్టించేవారట. అది ఖాళీగా ఉన్న రోజు ఒక్కటీ లేదమ్మా అన్నారు. ఆ తొమ్మిదో టిష్యూ ప్యాకెట్ ఎందుకో నాకు అప్పుడు తెలిసింది. తెలిసి, ఈ మనిషి ముందు నేనెంత అనిపించింది. దణ్ణం పెట్టాలనిపించింది గాని, పెడితే కోప్పడతారని ఊరుకున్నాను.

అప్పుడు ఆయన, చాలాకాలంగా దాచుకున్న ప్రశ్నలాగా, మెల్లగా అడిగారు.

“ఆ రెండో అమ్మాయి ఎందుకు రాలేదమ్మా ఆ రోజు?”

“మీరు నన్నే రమ్మన్నారు కదండీ.”

“రండి అన్నాను.”

“అదేనండీ. మర్యాదగా రండి అన్నారు, నాకు గుర్తుంది.”

ఆయన నా ముఖంలోకి చూశారు. కోపం లేదు. అదే నన్ను చంపేసింది.

“నేను నిన్ను ఎప్పుడైనా ‘మీరు’ అన్నానా?”

ఇంకో రైలు వచ్చి వెళ్లింది. ఏడేళ్లలో ఒక్కసారీ అనలేదు. మొదటి ఫోన్‌లో కూడా చదివావా, ఉంటున్నావా అనే అడిగారు. ఇద్దరున్నామని చెప్పాకే రండి అన్నారు. ఇంగ్లీషు రాని పిల్ల చేసే తప్పు కాదిది, తెలుగు వచ్చినదాన్ని, తెలుగులోనే చేశాను. నిజంగా తెలియక చేశానా? ఆ ప్లాట్‌ఫాం మీద నన్ను నేను అడిగాను, ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాను. పద్మజ వస్తే ఏ కాలేజీ అన్నప్పుడు నిజం చెబుతుంది. అది చెబితే నా ఊరిపేరు ఎందుకూ పనికిరాదు. ఒక మాటకి రెండర్థాలుంటే నాకు కావలసింది నేను తీసుకున్నాను. అదంతా చెబుతూ ఏడ్చేశాను. ఆయన జేబులోంచి టిష్యూ ప్యాకెట్ తీసి ఇచ్చి, ఆ అమ్మాయి నంబరు ఉందా అన్నారు.

మర్నాడు పద్మజే నాకు ఫోన్ చేసింది. అప్పటికి అది మా బైపాస్ కాలేజీలోనే పాఠాలు చెబుతోంది, ఇద్దరు పిల్లలు. ఎవరో పెద్దాయన చేశారే, పేరు చెప్పకుండా, “ఏమ్మా, ఆదివారం రాలేదేం?” అన్నారే అంది. విషయమంతా నా నోటితో చెప్పాను. చివరిదాకా విన్నది. తరవాత, బూట్లు ఇంకా ఉన్నాయా అని అడిగింది. ఉన్నాయన్నాను. పారేయకు అంది. అంతకు మించి ఇంతవరకు నన్ను ఒక్కమాట అనలేదు.

నాకు ఇక వీలు కాదండీ, నా పిల్లల్ని చూడండి అందట ఆయనతో. పిల్లలంటే దాని స్టూడెంట్లు. ఆ ఏడాది నుంచి మెస్ మీటింగ్‌కి రెండు లైన్ల పేరున్న రెజ్యూమేలు రావడం మొదలైంది. ముందు ఒక్కరు, తరవాత ముగ్గురు. బల్లలు రెండు కాస్తా నాలుగయ్యాయి. ఇది మన కాలేజీవాళ్ల మీటింగ్ కదండీ అని డైరెక్టరీ ఒకసారి గట్టిగానే అన్నాడు. సెక్రటరీ గారు అతని వైపు తిరిగి, తిన్నావా అన్నారు. ఆ రోజు నేను మాత్రం నవ్వలేదు. అప్పుడు కూడా లేచి, నేనూ వాళ్లలో ఒకదాన్నేనని చెప్పలేదు. ఆయన నా గుట్టు చివరిదాకా కాపాడారు, నేను కాపాడనిచ్చాను.

ఆయన పోయిన సంగతి పద్మజకి నేనే చెప్పాను. ఒక్కసారి కూడా ముఖం చూడలేదే ఆయన్ని అంది. అయినా ఎప్పుడు ఫోన్ చేసినా పాఠం ఎలా సాగుతోందని కాదు, తిన్నావా అని అడిగేవారట. ఆ మాట చెబుతూ అది ఏడ్చింది.

డైరెక్టరీ సంచిక కోసం ఫారం పంపాడు. రాసినవాళ్ల పేరు, కాలేజీ, బ్యాచ్ నింపాలి. ఈ రెండు పేజీలూ చదివాక అతను వేస్తాడో వేయడో తెలియదు. వేయకపోతే ఆదివారం వచ్చి నాతో చెప్పమనండి, ఒక కుర్చీ ఎక్కువే పెట్టి ఉంచుతాను. కాలేజీ అన్నచోట ఈసారి ఊరిపేరు రాయలేదు. రెండు లైన్లూ రాశాను. గడి చాలక రెండో లైను బయటికి వచ్చేసింది.